పాఠశాల ప్రగతి: సాధించినది, సాధించవలసినది
(ప్లాటినం జూబిలీ సభలో సమర్పించిన వార్షిక ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల 75 సంవత్సరాలు నిండించుకొనడం సామాన్య విషయం కాదు. తెలుగునాటికి వెలుపల, తెలుగు మాధ్యమంలో నిండించుకొనడం మరింత విశేషం. ఇటువంటి శుభవేళ గడచిన కాలపు ఘనతను తలచుకొనడం సంప్రదాయమే. అయితే పాఠశాలకు గతం కంటె ముఖ్యమైనది ముగిసిన విద్యా సంవత్సరం. దానికంటె ముఖ్యమైనది రాబోయే జూన్ మాసం. తరగతులవారీ విద్యార్థుల సంఖ్య, ఉత్తీర్ణులైనవారి వివరాలు, ఆటల పోటీలలో గెలిచిన బహుమతులు ఈ సంచికలో వేరుగా పట్టికల రూపంలో ఉన్నాయి. వాటిని ఇక్కడ తిరిగి చదవవలసిన పని లేదు. ఆ అంకెల వెనుక జరిగిన పని ఏమిటి, ఆ అంకెలకు అందని సమస్యలు ఏమిటి అన్నదే ఈ ప్రసంగ విషయం.

కదలని బడి, కదలిన సరిహద్దు

ఈ పాఠశాల ఆరంభమైన నాటికి హోసూరు ఉమ్మడి మదరాసు రాష్ట్రంలో, సేలం జిల్లాలో ఒక తాలూకా. చిత్తూరు, అనంతపురం, నెల్లూరు జిల్లాలు కూడా ఆనాడు అదే రాష్ట్రంలో ఉండేవి. అందువల్ల తెలుగు మాధ్యమ పాఠశాల ఉండడం ఎవరికీ వింతగా తోచలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. 1956 నవంబరు 1న దేశమంతటా భాషల ప్రాతిపదికగా రాష్ట్రాల హద్దులు మారినవి. పాఠశాల ఉన్నచోటనే ఉన్నది, హద్దు మాత్రం దాని మీదుగా జరిగిపోయినది. ఒక్క అడుగు కదలకుండానే ఇది అల్పసంఖ్యాక భాషవారి పాఠశాల అయినది. తరువాత 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడినవి. 1969లో రాష్ట్రం పేరే తమిళనాడు అయినది. పాఠశాల చిరునామా ఇన్ని మార్లు మారినను, ఇక్కడి పిల్లలు ఇంట మాటాడే భాష మారలేదు.

మారిన పరిస్థితులలో రాజ్యాంగం రెండు అండలను కల్పించినది. 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును ఇచ్చినది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఏ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనా సౌకర్యాలు కల్పించుటకు రాష్ట్రాలు కృషి చేయవలెనని చెప్పినది. ఈ రెండవ అధికరణం ప్రాథమిక దశను గురించి మాత్రమే చెప్పుతున్నదని గమనించవలసి ఉన్నది. అయిదవ తరగతి దాటి ఆరులో అడుగుపెట్టిన బిడ్డకు ఆ అధికరణం అండ పలుచబడుతుంది. మాధ్యమిక పాఠశాల కష్టం ఇక్కడే మొదలవుతుంది.

మాధ్యమిక దశకు ఆధారమైనవి ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందాలు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం, ప్రాథమిక పాఠశాలలో 40 మంది లేక ఒక తరగతిలో 10 మంది పిల్లలున్న చోట మాతృభాషలో బోధన ఏర్పాటు చేయవలెనని నిర్ణయించినది. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం, మాధ్యమిక స్థాయిలో చివరి నాలుగు తరగతులలో కలిపి 60 మంది, ఒక్కొక్క తరగతిలో 15 మంది ఉన్నప్పుడు అట్టి సౌకర్యం ఉండవలెనని అంగీకరించినది. వెలుపల ఉన్న తెలుగు బిడ్డ చదువు ఈ చిన్న అంకెలపై ఆధారపడి ఉన్నది. పదునైదుగురు చేరితే తరగతి నిలుస్తుంది. చేరకపోతే రాజ్యాంగ హక్కు పుస్తకంలో భద్రంగా ఉన్నను, తరగతి గదికి తాళం పడుతుంది.

సంవత్సరపు నడక

పాఠశాల ప్రగతిని పదవ తరగతి ఫలితాలతోనే కొలిచే అలవాటు సర్వత్రా ఉన్నది. ఫలితాలు ముఖ్యమే. కాని అవి అయిదేండ్ల పనికి చివరి రోజున వచ్చే లెక్క మాత్రమే. అసలు పని ఆరవ తరగతిలో జరుగుతుంది.

చుట్టుప్రక్కల గ్రామాల ప్రాథమిక పాఠశాలల నుండి వచ్చే పిల్లలందరూ ఒకే తీరున రారు. కొందరు ధారాళంగా చదువుతారు. కొందరికి ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఇంకను పట్టుబడవు. అందుచేత ఈ పాఠశాలలో జూన్, జూలై మాసాలలో ఆరవ తరగతివారికి పాఠ్యభాగాల కంటె ముందు చదివించడం, వ్రాయించడం జరుగుతున్నది. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో చూచి, వారిని చిన్న బృందాలుగా చేసి, రోజూ ఒక పీరియడు దీనికే కేటాయించారు. గడచిన సంవత్సరం గర్వించదగిన ఫలితం ఈ పనిలోనే కనబడినది. జూన్‌లో పుస్తకం తెరవడానికి జంకిన పిల్లలు అర్ధ సంవత్సర పరీక్షల నాటికి తరగతిలో నిలబడి చదువగలిగారు. ఈ ప్రగతికి పట్టికలో చోటు లేదు.

భాష విషయంలో మరొక చిక్కు ఉన్నది. హోసూరు ప్రాంతపు పిల్లవాడు ఇంట ‘ఎర్రగడ్డ’ అంటాడు, ‘ఎనుము’ అంటాడు, ‘చెనక్కాయ’ అంటాడు. పుస్తకంలో ఉల్లిపాయ, గేదె, వేరుశనగ కనబడతాయి. తన మాట తప్పేమో అని జంకి, నోరు విప్పడం మానుకొనే ప్రమాదం ఉన్నది. ఇవి తప్పు మాటలు కావనీ, తరతరాలుగా ఈ నేల నిలుపుకొన్న చక్కని తెలుగు మాటలనీ తెలుగు ఉపాధ్యాయులు మొదటి పాఠంలోనే బోధిస్తున్నారు. ఇంటి మాటను గౌరవించిన తరువాత పుస్తకపు మాటను నేర్పడం సులభమవుతున్నది.

ఎనిమిదవ తరగతి నుండి శాస్త్ర పదజాలం బరువెక్కుతుంది. తెలుగు పుస్తకంలో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని చదివిన విద్యార్థి, పై చదువులకు వెళ్లినప్పుడు తమిళ మాధ్యమంలో ‘ఒళిచ్చేర్క్కై’ అని, ఇంగ్లీషు మాధ్యమంలో ‘ఫోటోసింథసిస్’ అని వింటాడు. విషయం తెలిసియు పేరు తెలియక వెనుకబడతాడు. ఈ కష్టాన్ని తొలగించుటకు విజ్ఞానశాస్త్రం, గణితం బోధించే ఉపాధ్యాయులు మూడు వరుసల పదాల నోటుపుస్తకాన్ని ప్రవేశపెట్టారు. ‘త్వరణం’ ఎదుట ‘ముడుక్కం’, దాని ఎదుట ‘యాక్సిలరేషన్’ అని పిల్లలే వ్రాసుకొంటారు. పాఠం ముగిసిన రోజుననే పదాలు ఎక్కించడం నియమం. ఇందుకు ఖర్చు లేదు, ఓపిక కావలెను. పదవ తరగతి ముగించి వెళ్లిన విద్యార్థులు ఆ నోటుపుస్తకాన్ని ప్లస్ వన్ తరగతికి వెంట తీసుకొని పోతున్నారు.

హాజరు విషయంలో కూడా శ్రద్ధ అవసరమైనది. పూలతోటలు, టమాటా తోటలు ఉన్న కుటుంబాలలో తెల్లవారుజామున కోతకు పిల్లల చేతులు కూడా కావలసి వస్తాయి. అట్టివారు మొదటి పీరియడును కోల్పోతారు. తరగతి ఉపాధ్యాయులు ఇండ్లకు వెళ్లి మాటాడిన తరువాత ఆలస్యాలు తగ్గినవి. మార్చి మాసంలో చంద్రచూడేశ్వర స్వామి రథోత్సవ కాలం, పదవ తరగతి పరీక్షల కాలం చేరువగా వస్తాయి. ఊరంతా పండుగలో ఉన్న వేళ పిల్లలను పుస్తకం ముందు కూర్చుండబెట్టడం కష్టమే. సాయంకాలపు ప్రత్యేక తరగతులకు సహకరించిన తల్లిదండ్రులకు పాఠశాల కృతజ్ఞత తెలుపుకొంటున్నది.

2020, 2021 సంవత్సరాల కష్టకాలం ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 2020 మార్చిలో మూతపడిన పాఠశాలలు ఒకటి మొదలు ఎనిమిది వరకు 2021 నవంబరు 1న తెరచుకొన్నవి. ఆ రెండేండ్లూ పదవ తరగతి పరీక్షలు లేకుండానే విద్యార్థులందరూ ఉత్తీర్ణులైనట్లు ప్రకటించారు. తమిళంలో సాగిన టీవీ పాఠాలు తెలుగు మాధ్యమపు చిన్నారులకు అంతగా అక్కరకు రాలేదు. ఆనాడు ఒకటి, రెండు తరగతులలో ఉండవలసినవారే తరువాతి కాలంలో ఈ పాఠశాల ఆరవ తరగతిలోకి వచ్చారు. అక్షరాల వద్దనే ఆగిన పిల్లలు ఎక్కువగా కనబడుటకు ఇది ఒక కారణం. పైన చెప్పిన చదివింపు పీరియడు అవసరం దీనివలన మరింత పెరిగినది.

తమిళ బోధన

తమిళ భాషాభ్యసన చట్టం 2006లో వచ్చినది. 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభమై, ఏటికొక తరగతి చొప్పున సాగి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. ఈ చట్టం ప్రకారం మొదటి భాగం తమిళం, రెండవ భాగం ఇంగ్లీషు, మూడవ భాగం ఇతర విషయాలు, నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా మాతృభాష. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదవ తరగతి తమిళ పరీక్ష నుండి కొన్ని సంవత్సరాలు న్యాయస్థానాలు మినహాయింపులిచ్చినవి. 2023లో సర్వోన్నత న్యాయస్థానం సైతం ఒక సంవత్సరం పొడిగింపు ఇచ్చినది. ఏటేటా మినహాయింపు వచ్చునో రాదో అని ఎదురుచూచుట పిల్లల మనస్సులకు మంచిది కాదని అనుభవం నేర్పినది.

తమిళం నేర్చుటలో ఈ పాఠశాలకు ఏనాడూ అభ్యంతరం లేదు. నివసించే రాష్ట్రపు భాష అన్నం పెట్టే భాష. తల్లిభాష చదువు నిలబెట్టే భాష. రెంటికీ వైరం లేదు. చిక్కల్లా బోధనా పద్ధతిలో ఉన్నది. తెలుగు లిపిలో క, గ వేరువేరు అక్షరాలు. తమిళంలో రెంటికీ ఒకే అక్షరం, స్థానాన్ని బట్టి పలుకుబడి మారుతుంది. ‘ల’కార జాతికి చెందిన ధ్వనులు తమిళంలో మూడు ఉన్నవి. వాటిలో ఒకటి నేటి తెలుగులో లేదు. తమిళమే మాటాడే ఇంటి బిడ్డకు వ్రాసిన పుస్తకాన్ని తెలుగు బిడ్డ చేతికిచ్చి, రెంటిని ఒకే వేగంతో నడపడం న్యాయం కాదు. అందుకే తమిళ ఉపాధ్యాయులు, తెలుగు ఉపాధ్యాయులు కలిసి కూర్చొని, రెండు భాషలకు ఉమ్మడిగా ఉన్న మాటలతో ఆరంభ పాఠాలు తయారుచేసుకొన్నారు. తమిళంలో తప్పేవారి సంఖ్యను తగ్గించుటకు ఈ కూడికయే తోడ్పడినది.

తెలుగు విషయంలో మరొక జాగ్రత్త కావలెను. ‘ఐచ్ఛికం’ అన్న మాటను విద్యార్థి ‘అనవసరం’ అని అర్థం చేసికొంటే, పరీక్షలు దగ్గరపడే కొద్దీ తెలుగు పుస్తకం సంచి అడుగుకు చేరుతుంది. తెలుగు మాధ్యమంలో విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం వ్రాయవలసిన విద్యార్థికి తెలుగు బలహీనపడితే మిగిలిన విషయాలన్నీ బలహీనపడతాయి. ఈ సంగతిని తల్లిదండ్రుల సమావేశాలలో పదేపదే చెప్పవలసి వచ్చినది.

ముఖ్యమైన సవాలు: సంఖ్య

పై కష్టాలన్నిటికీ ఏదో ఒక ఉపాయం దొరికినది. తేలికగా దొరకనిది ఒక్కటే. అది విద్యార్థుల సంఖ్య. పాఠశాలకు కావలసిన ఉపాధ్యాయుల లెక్కను ఆగస్టు 1 నాటి విద్యార్థుల సంఖ్యను బట్టి నిర్ణయిస్తారు. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుండి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండవలెనని చెప్పుతున్నది. సంఖ్య తగ్గితే ఒక ఉపాధ్యాయ స్థానం పోతుంది. స్థానం పోతే ఒక విషయం బోధించేవారు లేక మరొకరు ఆ భారం మోస్తారు. బోధన పలుచబడినదని తల్లిదండ్రులు మరుసటి సంవత్సరం బిడ్డను వేరే పాఠశాలలో చేరుస్తారు. సంఖ్య మరింత తగ్గుతుంది. ఇది ఎవరి మీదనో కోపంతో చెప్పే మాట కాదు, లెక్క నడిచే తీరు ఇది.

చెరువుకు కాలువల వలె ఉన్నత పాఠశాలకు ప్రాథమిక పాఠశాలలు ఆధారం. చుట్టుప్రక్కల తెలుగు ప్రాథమిక తరగతులలో పిల్లలు తగ్గితే, అయిదేండ్లకు ఆ కొరత ఇక్కడ ఆరవ తరగతిలో కనబడుతుంది. కనుక ఈ పాఠశాల భవిష్యత్తు ఈ ఆవరణలో కాక గ్రామాలలోని ఒకటవ తరగతి గదులలో నిర్ణయమవుతున్నది.

హోసూరు నేడు పరిశ్రమల నగరం. బెంగళూరు చేరువలో ఉన్నది. ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలల బస్సులు పల్లెల ముంగిటికి వస్తున్నాయి. ‘తెలుగులో చదివితే ఉద్యోగం వచ్చునా?’ అని తల్లిదండ్రులు అడుగుట తప్పు కాదు. ఆ ప్రశ్నకు దాపరికం లేని సమాధానం ఇవ్వవలసి ఉన్నది. 2010 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలలో 20 శాతం తమిళ మాధ్యమంలో చదివినవారికి ప్రాధాన్యంగా కేటాయించారు. తెలుగు మాధ్యమ విద్యార్థికి అది వర్తించదు. 2021 డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం రాష్ట్ర ఉద్యోగ పరీక్షలలో పదవ తరగతి స్థాయి తమిళ పత్రంలో 40 శాతం మార్కులు రావలెను. ఇది మాత్రం తమిళాన్ని శ్రద్ధగా నేర్చిన తెలుగు విద్యార్థికి అందని ఎత్తు కాదు. ఉన్న అడ్డంకిని లేదనడం, లేని అడ్డంకిని ఉన్నదనడం రెండూ పిల్లలకు హాని చేస్తాయి.

ఇక ఇంగ్లీషు మాట. పాఠం అర్థమైన బిడ్డకు ఇంగ్లీషు నేర్పడం ఒక సంవత్సరపు పని. అర్థం కాని భాషలో పాఠాలను వల్లెవేసిన బిడ్డకు అర్థాన్ని నేర్పడం అయిదేండ్ల పని. తెలుగు మాధ్యమం ఇంగ్లీషుకు శత్రువు కాదు. అయితే ఇంగ్లీషు బోధన బలంగా ఉండవలెను. ఆ విషయంలో పాఠశాల చేయవలసినది ఇంకను చాలా ఉన్నది. మాటాడించే పని, కథల పుస్తకాలు చదివించే పని రాబోయే సంవత్సరం ఆరవ తరగతి నుండియే చేపట్టవలసి ఉన్నది.

ఉపాధ్యాయుల కొరత కూడా సంఖ్యతో ముడిపడినదే. తెలుగు మాధ్యమంలో గణితం బోధించుటకు గణితం తెలిసినవారు చాలరు, గణితాన్ని తెలుగులో చెప్పగలవారు కావలెను. అట్టివారు ఈ తరగతి గదుల నుండియే రావలెను. ఈ ప్రాంతానికి చేరువలో కుప్పంలో 1997 నుండి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నది. తెలుగులో పై చదువులకు హద్దు దాటి వెళ్లి, పట్టా పొంది, ఉపాధ్యాయ శిక్షణ ముగించి, తిరిగి ఈ ప్రాంతానికి వచ్చే యువతీ యువకులు పదిమంది ఉన్నను ఒక తరం చదువు నిలుస్తుంది. ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకొనవలెనని పదవ తరగతి విద్యార్థినులకు, విద్యార్థులకు ఈ వేదిక నుండి విన్నపం.

కోరదగినవి

ఈ ఉత్సవ సందర్భాన గోడలు కట్టించుటకు, గేటు నిలుపుటకు దాతలు ముందుకు వచ్చుట సంతోషదాయకం. ఆ సహాయం అవసరమే. దానితోబాటు డబ్బుతో కొనలేని మూడు సహాయాలను పాఠశాల కోరుతున్నది.

మొదటిది తల్లిదండ్రుల నుండి. రోజూ రాత్రి పదునైదు నిమిషాలు బిడ్డచేత తెలుగు పుస్తకాన్ని బిగ్గరగా చదివించండి. చదువురాని తల్లియైనను వినవచ్చును. వినే తల్లి ఉన్నదని తెలిసిన బిడ్డ చదువుతుంది. కోతల కాలంలో సైతం మొదటి గంటకు బిడ్డను పంపండి. ఆడపిల్లల చదువును పదవ తరగతితో ఆపకండి.

రెండవది పూర్వ విద్యార్థుల నుండి. పదకొండవ తరగతితో ఎస్.ఎస్.ఎల్.సి. ముగించిన పెద్దలు, 1978లో ప్లస్ టూ విధానం వచ్చిన తరువాత చదివినవారు, కర్మాగారాలలో, బ్యాంకులలో, పాఠశాలలలో, సేద్యంలో స్థిరపడినవారు ఈ సభలో ఉన్నారు. ఏప్రిల్, మే మాసాలలో మీ మీ గ్రామాలలో అయిదవ తరగతి ముగించిన పిల్లల ఇండ్లకు ఉపాధ్యాయులతో కలిసి రండి. ఉపాధ్యాయులు చెప్పితే అది కర్తవ్యంగా వినబడుతుంది. ఇక్కడ చదివి నిలద్రొక్కుకొన్న మీరు చెప్పితే నిదర్శనంగా కనబడుతుంది. అదేవిధంగా ప్లస్ వన్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరి తికమకపడే పిల్లలకు మొదటి మూడు మాసాలు తోడుగా నిలవండి. చదువు మానుకొనే ఆలోచన ఎక్కువగా కలిగేది అప్పుడే.

మూడవది ఉపాధ్యాయుల నుండి. పైన చెప్పిన మూడు వరుసల పదాల నోటుపుస్తకం నేడు ఒక్కొక్క విద్యార్థి చేతివ్రాతలో ఉన్నది. దానిని సరిచూచి, విషయాలవారీగా కూర్చి, చిన్న పుస్తకంగా అచ్చువేయించగలిగితే, ఈ జిల్లాలోని ఇతర తెలుగు పాఠశాలలకు కూడా అక్కరకు వస్తుంది. ప్లాటినం జూబిలీకి గుర్తుగా మిగిలే పనులలో ఇది ఒకటి కావలెను.

 ఈ సంచికలోని పట్టికలలో వచ్చే సంవత్సరం మొదట చూడవలసినది పదవ తరగతి వరుస కాదు, ఆరవ తరగతి వరుస. అక్కడ పిల్లలు నిండుగా ఉంటే మిగిలిన పనిని ఉపాధ్యాయులు చేసికొనగలరు. జూన్ ప్రవేశాలకు సభాసదులందరి సహకారాన్ని మరొకమారు అర్థిస్తూ, ఈ నివేదికను సభకు సమర్పించడమైనది.

స్వస్తి.